ఒకే గ్రూపు రక్తం

థర్మాకోల్ పెట్టె పట్టుకుని ప్యాసింజరు రైలెక్కిన మనిషిని చూస్తే మన జనానికి ముందుగా తోచేది చేపలు. హిందూపురం ఆస్పత్రి ల్యాబులో నా చివరి ఏళ్ళలో నేను ఆ పెట్టెతో ధర్మవరానికీ పెనుకొండకూ తిరుగుతుండేవాణ్ణి. ఎప్పుడెక్కినా ఎవరో ఒకరు ఏం చేపలని అడిగేవారు. రక్తమని చెబితే పక్కకు జరిగి కూర్చునేవారు. సీటు కావలసినప్పుడు నిజం చెప్పేవాణ్ణి, కబుర్లు కావలసినప్పుడు చేపలనేవాణ్ణి.

ల్యాబు కోర్సులు చదివి కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కనిపించినప్పుడల్లా, సర్వీసులో మరిచిపోలేని కేసేదని నన్ను అడుగుతారు. యంత్రం కనిపెట్టలేనిదాన్ని నేను ఉత్త కంటితో కనిపెట్టిన కథేదో చెబుతానని వాళ్ళ ఆశ. అలాంటిది నా దగ్గర లేదు. మేమంతా ఎవరి పని వాళ్ళం సక్రమంగా చేస్తూ ఒక మనిషిని దాదాపు చంపేసిన కథ ఒకటుంది. అది చెబుతాను.

అప్పట్లో మా ఆస్పత్రికి బెంగళూరు నుంచి వారానికోసారి ఒక క్యాన్సరు డాక్టరు వచ్చేవారు. ఆయన ఒక పరిశోధనలో కూడా ఉన్నారు. అది క్లోమం క్యాన్సరు మీద. క్లోమమంటే పాంక్రియాస్, కడుపు వెనకాల దాక్కుని ఉంటుంది. అక్కడ జబ్బు మొదలైన సంగతి మనకు తెలిసేసరికి అది సగం దూరం నడిచేసి ఉంటుంది.

ఇక పరిశోధన సంగతి. మన తెల్లకణాల్లో టీ కణాలని ఒక రకం ఉంటాయి. తాగే టీకీ వాటికీ సంబంధం లేదు. ధర్మవరం స్టేషన్లో టీ కొట్టతనికి ఈ సంగతి చాలాసార్లు చెప్పాను, అతను నమ్మలేదు. ఈ కణాల ఒంటి మీద గ్రాహకాలుంటాయి. వాటినే రిసెప్టర్లంటారు. శత్రువును తడిమి గుర్తుపట్టే చేతులనుకోండి, బెంగళూరు వాళ్ళు చెప్పిన పోలికే అది. ఒక్కో కణాల కుటుంబానికి ఒక్కో తీరు చెయ్యి. శత్రువు ఎవరి చేతికి చిక్కితే ఆ కుటుంబం పిల్లాపాపలతో పెరిగిపోతుంది. క్లోమం క్యాన్సరు వచ్చినవాళ్ళలో ఏ కుటుంబాలు పెరుగుతున్నాయి, అలా పెరిగినవాళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువ కాలం బతుకుతున్నారా, అన్నది బెంగళూరు వాళ్ళ ప్రశ్న. నాకు తెలిసినంతలో దానికి జవాబు ఇంకా పూర్తిగా తేలలేదు.

అందులో మాది కూలిపని. కీమో ఎక్కించే ముందురోజు పేషెంటు దగ్గర రెండు ట్యూబుల రక్తం తీస్తాం. ఒక ట్యూబు బెంగళూరికి వెళుతుంది. రెండోదాన్ని మా హిందూపురం మిషన్లో పెట్టి తెల్లకణాలెన్ని ఉన్నాయో చూస్తాం. కీమో మందుకు తనా పరా ఉండదు, జబ్బు కణాలతో పాటు తెల్లకణాలనూ చంపుతుంది. అవి బాగా తగ్గి ఉంటే మందు వాయిదా వేయాలి. వేయకుండా ఎక్కించారంటే ఆ తర్వాత వచ్చే చిన్న జ్వరం చాలు మనిషిని తీసుకుపోవడానికి. కాబట్టి ఆ రెండో ట్యూబు పరిశోధన కోసం కాదు, ప్రాణం కోసం. ఈ ఒక్క ముక్క గుర్తుంటే మిగతా కథ మీకు అర్థమవుతుంది.

ఆ పేషెంటు ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి. మొదటిసారి రక్తం నేనే తీశాను, ఆపరేషనుకు ముందు, హిందూపురంలో. కామెర్లతో కళ్ళు పసుపు పూసినట్టున్నాయి. పక్కన భార్య ఉంది. తమ్ముడొకడున్నాడనీ, పెళ్ళివాళ్ళ చీర మగ్గం మీద ఉండడంతో రాలేకపోయాడనీ ఆమె చెప్పింది. నేను సూది గుచ్చుతుంటే పేషెంటు తల తిప్పుకోలేదు. ట్యూబులోకి ఎక్కుతున్న రక్తాన్ని చూసి, "రంగు బాగుండాది సార్, ఈ రంగులో పట్టు దొరకదు" అన్నాడు. రక్తం తీసేటప్పుడు రంగును మెచ్చుకున్నవాణ్ణి అతణ్ణొక్కణ్ణే చూశాను.

బెంగళూరులో ఆపరేషను బాగానే జరిగింది. తర్వాత కీమో మా దగ్గర మొదలైంది. ధర్మవరం వాళ్ళు రక్తం కోసం ఒకరోజు ముందే హిందూపురం రానక్కర లేకుండా అక్కడొక చిన్న కలెక్షన్ సెంటరు పెట్టాం. ఒక సిస్టర్ కొత్తగా చేరింది. చురుకైన మనిషి. కార్డు తీసుకుని, కుర్చీ చూపించి, చెయ్యి చాపమంటుంది. కార్డు ఇచ్చి చెయ్యి చాపినవాడే పేషెంటు. అది ఆమె ఒక్కదాని పద్ధతి కాదు, దేశమంతా అదే పద్ధతి.

ఆ సెంటరు నుంచి వచ్చిన ఇతని రక్తం మా మిషన్లో అద్భుతంగా ఉండేది. తెల్లకణాలు నిండుగా, హిమోగ్లోబిన్ పుష్కలంగా. క్యాన్సరు జాడ చెప్పే పరీక్ష కూడా మామూలు మనిషికి వచ్చినట్టే వచ్చింది. నేను ముచ్చటపడి రిపోర్టు పైకి పంపేవాణ్ణి. మా ల్యాబు కింద, వార్డు పైన. మాకు రక్తాలు తెలుసు, మనుషులు తెలియరు.

పైన మాత్రం మనిషి ఒక్కో విడతకు ఒక్కో మెట్టు దిగిపోతున్నాడు. నోరంతా పుండ్లు. మెట్లెక్కలేడు. డాక్టరు కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా ఉంది. రిపోర్టులో రక్తం ఎర్రగా ఉంది. ఆయన రిపోర్టునే నమ్మి, "పేపరు మీద మీరు నాకంటే ఆరోగ్యంగా ఉన్నారు. కాస్త ధైర్యం తెచ్చుకోవాలి" అన్నారట. మందు తగ్గించకుండా పూర్తిగా ఎక్కించారు. ధైర్యం తక్కువైందని తేల్చాక ఇక తగ్గించడానికి మిగిలిందేముంది?

అప్పుడు బెంగళూరు నుంచి ఫోనొచ్చింది. ఆ ల్యాబులో రిసెప్టర్లు చదివే అమ్మాయి. మడకశిర దగ్గరి పిల్ల, మర్యాదస్తురాలు. ఎంత మర్యాదగా మాట్లాడిందంటే, నన్ను తప్పుపడుతోందని అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

"సార్, ఈ పేషెంటు మొదటి ట్యూబులో రిసెప్టర్లు ఒక మాదిరి ఉండాయి. ధర్మవరం నుంచి వచ్చినవన్నీ ఇంకొక మాదిరి ఉండాయి. ఆటిలో ఆటికి సరిపోతాయి, మొదటిదాంతో మాత్రం ఏమీ కలవడం లేదు. ట్యూబులు యాడన్నా మారిపోయినాయేమో చూస్తారా?"

"మారలేదమ్మా. వచ్చిన ట్యూబుకల్లా గ్రూపు చూస్తాను. ఇతనివీ చూశాను. అన్నీ ఒకే గ్రూపు."

"గ్రూపు సగం ఊరికి కలుస్తుంది సార్. ఈ చేతులు ఇంకొకరికి కలవవు."

"మరి డాక్టరుగారేమన్నారు?"

"కీమోతో పాత కణాలన్నీ పోయి మొత్తం కొత్తవి పుట్టినాయంటారు. మీటింగులో స్లైడు కూడా వేసినారు. పేషెంటు ఇమ్యూనిటీకి పునర్జన్మ అని. నాకైతే నమ్మకం లేదు సార్. పాతవి రవ్వంతన్నా మిగులుతాయి. కానీ ఆయన పెద్దాయన గదా."

మనిషి లోపలిదంతా మారిపోయి మళ్ళీ పుట్టిందని పెద్దవాళ్ళంతా ఒప్పుకున్నారు. మనిషే మారి ఉంటాడని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు. నాకు తోచిందల్లా, ఇన్నేళ్ళ సర్వీసు చివర్న ట్యూబులు కలిపేశాననే పేరు నెత్తిన పడబోతోందని. ఒళ్ళు మండిపోయింది. మరుసటి విడత రక్తం తీసే రోజున సెంటరులో కూర్చుని, నా కళ్ళెదుట తీయించి, నా చేత్తో పేరు రాసి తెస్తానని ఆ అమ్మాయితో చెప్పాను. నేను ధర్మవరం వెళ్ళింది ఎవరినో కాపాడడానికి కాదు, నా పేరు కాపాడుకోవడానికి. ఆ మర్నాడు అతనికి కీమో.

సిస్టర్ నన్ను చూసి ఇన్‌స్పెక్షన్ అనుకుని, నాకు అక్కర్లేకపోయినా ఫ్యాను వేసింది. మేమనుకున్న కార్డు వచ్చింది. మనిషి లోపలికి వచ్చి అలవాటుగా కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. అదే ముక్కు, అదే నుదురు. కళ్ళు తెల్లగా ఉన్నాయి. కామెర్లు తగ్గాయి కదా అనుకున్నాను. అప్పుడు సిస్టర్ మోచేతి పైన రబ్బరు కట్టింది.

కీమో ఎక్కుతున్నవాళ్ళ నరాలు నాకు తెలుసు. సూదిని చూస్తేనే లోపలికి పారిపోతాయి. ఇతని నరం సూదికి ఎదురొచ్చింది.

రెండు ట్యూబులూ నిండాక నేను లేచి అతని పక్కన నిలబడ్డాను. "చొక్కా ఎత్తప్పా, ఆపరేషను కుట్లు చూస్తాను."

"మానిపోయినాయి సార్."

"మానినా గీత ఉంటుంది గదా. చూపించు."

అతను రెండు చేతులతో చొక్కా అంచు గట్టిగా పట్టుకున్నాడు. సిస్టర్ నావైపు చూసింది, అతనివైపు చూసింది. ఆమెకు నాకంటే ముందే అర్థమైందనుకుంటాను, దూది చేతిలోనుంచి జారిపోయింది.

"నేను ఆయప్ప తమ్ముణ్ణి సార్," అన్నాడు.

ఆ నిమిషంలో నేను సంతోషించాను. దాచడమెందుకు, ట్యూబులు నేను కలపలేదని తేలిపోయింది. సంతోషం తర్వాతే మిగతాది తట్టింది.

"ఎన్నిసార్లు ఇచ్చినావు?"

"ఈడ ఇచ్చిందంతా నేనే సార్. ఆపరేషనుతోనే ఆయప్ప పడిపోయినాడు. లేచి నిలబడేకి లేదు. ఒంట్లో రక్తం యాడుండాది? మీరేమో పదైదు దినాలకొకసారి గుంజుతాండారు. వదిన ఒకటే ఏడుపు. ఉండే రవ్వంతా వాళ్ళకే పోసేస్తే ఇంగ మనిషికేమి మిగులుతుందని. అందుకే నేను వస్తాండా."

"తమ్ముడి రక్తం అన్న రక్తం ఎట్లవుతుందప్పా?"

అతను నన్ను జాలిగా చూశాడు. "ఏమి సార్ అట్లంటారు? ఒక్క కడుపున పుట్టినోళ్ళం. గ్రూపు కూడా ఒకటే. ఆపరేషనప్పుడు బెంగళూరులో నా రక్తమే కదా ఆయప్పకు ఎక్కించింది? అప్పుడు పనికొచ్చిన రక్తం ఇప్పుడు యాల పనికిరాదు?"

నిజం చెప్పొద్దూ, ఆ వాదన దగ్గర నేను కాసేపు తడుముకున్నాను. అందులో తప్పెక్కడుందో పుస్తకాలు చదివిన మనిషికి కూడా వెంటనే చిక్కదు. చివరికి నాకు తెలిసిన తీరులో చెప్పాను. ఈ రక్తం ఎవరికో ఎక్కించడానికి కాదు, మనిషి మందుకు తట్టుకుంటాడో లేదో చూసుకోవడానికి. నీ రక్తం తట్టుకుంటానంది. మందేమో మీ అన్నకు ఎక్కించారు.

అతను అర్థం చేసుకోవడం నేను చూశాను. మాట చెవిలో పడ్డాక అది ముఖంలోకి దిగడానికి కొంచెం సేపు పడుతుంది. దిగాక అతను బయటికి నడిచి టీవీఎస్ బండి స్టార్టు చేసి, వెనక సీటు తుడిచి, "బిన్నా రాండి సార్" అని తొందరపెట్టాడు.

పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను. సందులన్నీ మగ్గాల చప్పుడు. అతను ఎవరికీ హారన్ కొట్టలేదు, ఎవరికోసమూ ఆగలేదు.

ఇంట్లో పేషెంటు గోడవారగా చాప మీద పడుకుని ఉన్నాడు. మొదటిరోజు చూసిన మనిషిలో సగమే మిగిలాడు. నుదుటి మీద చెయ్యి పెడితే కాలుతోంది. రక్తం తీయాలనగానే అతని భార్య నాకూ చాపకూ మధ్య వచ్చి నిలబడింది.

"వద్దన్నా, నీకు దండం పెడతా. కావాలంటే నాది తీసుకో. మరిదిది వద్దంటే నాది తీసుకో. ఆయప్పది మాత్రం తీయద్దు."

ఆ ఇంట్లో ఎవరినడిగినా రక్తం ఇస్తారు, ఇవ్వాల్సిన ఒక్కణ్ణి తప్ప. నేను ఏదో చెప్పబోయాను. తమ్ముడు తల దించుకుని, "వదినా, జరుగు. తప్పు నాదే" అన్నాడు. ఆమె జరగలేదు.

చాప మీదినుంచి పేషెంటు అడిగాడు, "ఏమబ్బా జరుగుతాండేది? రక్తం తీసేది ఆపేసినారంటిరే?"

అతనికి ఏదీ తెలియదు. ఆస్పత్రివాళ్ళు రక్తం తీయడం మానేశారని ఇంట్లోవాళ్ళు చెప్పి ఉంచారు. తమ్ముడు నిలబడే జరిగిందంతా చెప్పేశాడు, బడిలో అయ్యవారి ముందు ఒప్పుకున్నట్టు. పేషెంటు అంతా విన్నాడు. నోటి నిండా పుండ్లున్నవాడు నవ్వితే ఎంత నొప్పో నాకు తెలుసు. అతను నవ్వాడు.

"నా పరీక్ష నువ్వు రాసినావా రా? పాసయింది నువ్వు, సీటు నాకిచ్చినారు."

అని చెయ్యి చాపి, భార్యతో, "జరుగు. ఈసారి నేనే రాస్తా, ఫెయిలయినా ఫరవాలేదు" అన్నాడు. ఆమె జరిగి, గోడకు ముఖం పెట్టుకుని ఏడ్చింది.

మోచేతి దగ్గర నరం దొరకలేదు. రెండో చేతిలోనూ దొరకలేదు. చివరికి చేతి వెనక ఒక సన్నటి నరం దొరికింది. రక్తం చుక్కలు చుక్కలుగా దిగింది. తమ్ముడు అన్న మణికట్టును పట్టుకుని ఆ ట్యూబు వైపే చూస్తున్నాడు. అతని పెదవులు కదులుతున్నాయి. దేవుడికి మొక్కుకుంటున్నాడో ట్యూబుకు మొక్కుకుంటున్నాడో తెలియదు.

జ్వరంతో ఉన్న మనిషిని అక్కడ వదిలి రైలుకు పోలేను. పక్కింటివాళ్ళ కారులో అందరం హిందూపురం వచ్చాం. దారిలో పెనుకొండలో తీసుకోవాల్సిన ట్యూబుల కోసం ఆగలేదు. నా సర్వీసులో పెనుకొండను దాటేసి పోయింది ఆ ఒక్కరోజే. ల్యాబుకు రాగానే ట్యూబు మిషన్లో పెట్టాను. తెల్లకణాలు ఎంతగా పడిపోయాయంటే, మిషను ఆ సంఖ్యను నమ్మలేదు, మళ్ళీ చేయమంది. మళ్ళీ చేశాను, అంతే వచ్చింది. మర్నాడు ఆ మనిషికి మందు ఎక్కించి ఉంటే ఇక తర్వాతి విడత గురించి ఎవరూ ఆలోచించనక్కర లేదు.

డాక్టరుకు ఫోను చేశాను. మొత్తం విని వరుసగా ఆర్డర్లు చెప్పారు, కీమో ఆపండి, ఇప్పుడే అడ్మిట్ చేయండి, తెల్లకణాలు పెరిగే ఇంజెక్షను, యాంటీబయాటిక్స్. మర్నాడు వార్డుకు వచ్చి అతని కనురెప్ప కిందికి లాగి చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. రిపోర్టు అడగలేదు. "మీకు ధైర్యం తక్కువని అన్నాను. ఆ మాట తప్పు," అన్నారు. డాక్టరు నోట పేషెంటుతో ఆ మాట నేను మరెప్పుడూ వినలేదు. కిందికి దిగేటప్పుడు నాతో మాత్రం, "మంచి స్లైడండీ అది" అని నిట్టూర్చారు. ట్యూబులు కలిపావన్న అనుమానానికి నాకెవరూ సారీ చెప్పలేదు. అడగాలని నాకూ అనిపించలేదు.

అతను గండం దాటాడు. ఆ తర్వాత మందు తగ్గించి, వ్యవధి పెంచి ఎక్కించారు. తమ్ముడు ప్రతిసారీ వెంట వచ్చేవాడు. రక్తం తీస్తున్నంతసేపూ తన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. సిస్టర్ మాత్రం ఆనాటినుంచి చెయ్యి చాపిన ప్రతివాణ్ణీ పేరడిగేది, నాయన పేరడిగేది, కాస్త వయసున్నవాళ్ళయితే పిల్లలెందరో కూడా అడిగేది. ధర్మవరంలో ఆమెకు తెలియని కుటుంబం లేకుండా పోయింది.

ఒకసారి బెంగళూరు అమ్మాయి కూడా వచ్చింది, అన్నదమ్ములను చూడాలని. అసలు రక్తంలో మొదటి ట్యూబులోని కుటుంబాలే కనిపించాయని చెప్పింది. బాగా తగ్గాయి, కానీ ఉన్నాయి, జబ్బును పట్టుకునే ఉన్నాయి. తమ్ముడు అడిగాడు, "మా ఇద్దరివీ ఒక్కటి కూడా కలవలేదా మేడం?"

"చెప్పుకోదగ్గవేవీ కలవలేదన్నా. కవలపిల్లలవి కూడా కలవవు. ఎవరి జబ్బులు వాళ్ళవి, ఎవరి చేతులు వాళ్ళవి."

అతను తలూపాడు. ఆ జవాబు అతనికి నచ్చలేదని చూస్తేనే తెలుస్తోంది.

పేషెంటు ఆ తర్వాత ఒక ఉగాది చూశాడు, ఒక శ్రావణం చూశాడు. మధ్యలో కొన్ని రోజులు మగ్గమెక్కాడు కూడా. ఆ జబ్బుతో అది తక్కువేమీ కాదు. అతని చేతులు మంచివి కావడం వల్లా, మందు సరిగ్గా పడడం వల్లా, లేక ఇంట్లోవాళ్ళ వల్లా అని నన్నడిగితే చెప్పలేను. బెంగళూరు వాళ్ళనడిగినా చెప్పలేరు. జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. అప్పుడిక ఎక్కువ రోజులు పట్టలేదు. వార్త విన్నరోజు నేను ల్యాబులో ఏ పనీ చేయలేకపోయాను. రక్తాలే తెలుసనుకున్న నాకు ఒక మనిషి తెలిసిపోయాడు, దాని ఫలితమది.

కొన్నాళ్ళకు ఆ అమ్మాయి ఫోను చేసింది. వాళ్ళ ఫ్రీజరులో తమ్ముడి ట్యూబులు కొన్ని ఉన్నాయనీ, అవి పరిశోధన లెక్కలోకి రావు కాబట్టి పారేయాలనీ, అతనికి ఒక మాట చెప్పమనీ అడిగింది. ఫోన్లో చెప్పే సంగతి కాదనిపించి నేనే వెళ్ళాను. అతను మగ్గం మీద ఉన్నాడు. విషయం చెప్పాను.

"మా అన్నవో?"

"అవి ఉంటాయి. బాగా చలిలో గడ్డకట్టించి పెట్టినారు. కరిగిస్తే మళ్ళీ కదులుతాయి."

మగ్గం ఆగింది. "ప్రాణంతోనే ఉండాయా?"

"కణాలు ఉన్నాయప్పా. మనిషి కాదు."

"తెలుసు సార్." పోగులు సరిచేస్తున్నట్టు కాసేపు వేళ్ళు కదిపాడు. "నావి పారేయద్దని చెప్పండి. పనికి రాకపోతే పోనీ. ఆయప్ప పక్కన పెట్టమనండి."

బయటికి వచ్చి అమ్మాయికి ఫోను చేసి చెప్పాను. రూలు ఒప్పుకోదని ఆమె చెబుతుందనుకున్నాను.

"ఏ పక్కన పెట్టాలో అడగండి సార్," అంది.

తిరిగి లోపలికి వెళ్ళి అడిగాను. అతను తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఎడమ పక్కన సార్. నేనెప్పుడూ ఆయప్పకు ఆ పక్కనే కూర్చుంటా."